కుట్టు లోపలి గుడ్డ

"బట్టలు వదులయ్యాయా అని అడిగితే లేదని ఎలా రాశావమ్మా?"

కూతురు ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదట హాస్పిటల్ వరండాలో అడిగింది. తర్వాత బస్సులో అడిగింది. ఇప్పుడు ఇంటి ముందుగదిలో, గుడ్డలు కత్తిరించే బల్లకు ఇవతల నిలబడి అడుగుతోంది. అవతల స్టూలు మీద తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరిదో చొక్కా, దానికింకా నాలుగు కాజాలు కుట్టాలి. సూదిలో దారం ఎక్కించే ఉంది గాని చెయ్యి ఆడటం లేదు.

"వదులవలేదు కాబట్టే లేదని రాశాను."

"పదమూడు కిలోలు తగ్గాడమ్మా నాన్న! పదమూడు! అంత తగ్గితే బట్టలు వదులవకుండా ఉంటాయా? ఒకే ఇంట్లో ఉంటావు, ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటావు..."

"నువ్వూ ప్రతి ఆదివారం వస్తావుగా. నీకేమైనా కనపడిందా?"

 కూతురి ఉద్యోగం కళ్ళద్దాల షాపులో. రోజుకు పాతికమందిని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, ఎవరి చూపు ఎంతో తేల్చి చెబుతుంది. నిజానికి తల్లి అనదల్చుకున్నదాంట్లో సగమే అంది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇద్దరూ ఆగండి," అన్నాడు బాబాయి గుమ్మంలోంచి. ఇంటాయనకు స్వయానా తమ్ముడు, సిటీ బస్సు డ్రైవరు. ఇంట్లో ఆయన పేరు బ్రేకు బాబాయి. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా దానికి అడ్డంగా కాలు వేసి ఆపేదాకా ఆయనకు తోచదు. "లోపల అన్నయ్య పడుకున్నాడు. వినపడుతుంది."

"పడుకోలేదు. పడుకుంటే మంచం కిర్రుమంటుంది. అనలేదు," అంది తల్లి.

ముగ్గురూ లోపలిగది తలుపు వైపు చూశారు. తలుపు ఓరగా వేసి ఉంది. చప్పుడు లేదు.

ఆ వీధి వీధంతా మాస్టారు అని పిలిచే ఈ టైలరుకు కాలేయంలో రెండు గడ్డలున్నాయని ఎనిమిది వారాల కిందట తేలింది. కోసి తీయడం కుదరదన్నారు, పెద్దగడ్డ పెద్ద రక్తనాళాన్ని కరుచుకుని కూర్చుంది. సూది గుచ్చి వేడితో కాల్చడమూ కుదరదన్నారు, పక్కనే ఉన్న పిత్తనాళం కమిలిపోతుంది. ఇక చేసేదేముంది అని అందరూ చేతులు కట్టుకున్నప్పుడు, పెద్దాసుపత్రి డాక్టరమ్మ కొత్త మిషను సంగతి చెప్పింది. పొట్ట మీద నీళ్ళ సంచి పెట్టి, పైనుంచి చెవికి వినపడని శబ్దాన్ని లోపల ఒక్క బిందువు మీదికి పంపుతారట. అక్కడ కంటికి కనపడనంత చిన్న బుడగలు పుట్టి, పగిలి, గడ్డను లోపల్లోపలే గుజ్జు చేస్తాయట. ఆ గుజ్జును ఒళ్ళే మెల్లగా ఊడ్చేసుకుంటుందట.

అంతా విని మాస్టారు, "కత్తెర లేదు, ఇస్త్రీపెట్టె లేదు. ఇదేం టైలరింగ్ అండీ?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. ఆ నవ్వు పట్టుకునే ఈ ఇల్లు ఎనిమిది వారాలు నెట్టుకొచ్చింది.

షరతులు రెండే. గడ్డలు మూడు దాటకూడదు. మత్తుమందుకు తట్టుకునే సత్తువ ఒంట్లో ఉండాలి. వచ్చే సోమవారం ఆయన వంతు. నెల కిందట హాస్పిటల్ వాళ్ళు ఇంటికిచ్చి పంపిన కాయితం తల్లి నింపింది. బరువు డెబ్భై ఒకటి అని నిరుటి లెక్క వేసింది. ఈమధ్య బరువు తగ్గారా, లేదు. బట్టలు వదులయ్యాయా, లేదు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

ఈ పొద్దున ఆఖరి పరీక్షలకు వెళితే నర్సు ఆయన్ను తూకం మిషను ఎక్కించింది. యాభై ఎనిమిది. నర్సు కాయితం చూసింది, మనిషిని చూసింది, ఆయన్ను దింపి మిషను బాగానే ఉందో లేదోనని తనే ఎక్కి చూసుకుంది. తర్వాత డాక్టరమ్మ వచ్చింది. అప్పటికప్పుడు మళ్ళీ స్కాను తీయించింది. నాలుగింటికి ఫోన్ చేస్తానని చెప్పి, వెళ్ళబోతూ ఆగి, "ఈ తగ్గడం సంగతి నెల కిందట తెలిసుంటే అప్పుడే స్కాను తీసేవాళ్ళం. ముందే పిలిచేవాళ్ళం," అంది.

ఆ మాటే ఇప్పుడు ఈ ముందుగదిలో తిరుగుతోంది.

"నేను అబద్ధం రాయలేదు," అంది తల్లి. లేచి, కుర్చీ వీపు మీద వేలాడుతున్న బూడిదరంగు పాంటు లాగింది. "ఇదిగో, పొద్దున ఆయన వేసుకెళ్ళింది ఇదే. నువ్వూ చూశావుగా, నడుం దగ్గర వేలు దూరే సందు లేదు. బెల్టు పెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. నేను ప్రతివారం ఇస్త్రీ చేస్తాను. మొహం పీక్కుపోయిందంటావా, గడ్డం పెంచాడు. అయినా ఈ రెండు నెలల్లో అద్దంలో నా మొహం మాత్రం ఏమంత బాగుంది?"

చెబుతూ చెబుతూ పాంటును తిరగేసింది. అంతే, మాట ఆగిపోయింది.

ఇస్త్రీ పైనుంచే కదా చేసేది. లోపలివైపు చూడాల్సిన పని ఆవిడకు ఎప్పుడూ పడలేదు.

"ఏంటమ్మా?"

తల్లి పాంటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెనకకుట్టును వెలుతురుకు పట్టింది. బొటనవేలితో తడుముతూ పోయింది. కుట్టు పక్కన ఒక వరస సన్నటి సూదిబెజ్జాలు. దాని పక్కన ఇంకో వరస. ఆ పక్కన మూడోది.

"మూడుసార్లు లోపలికి పట్టాడు," అంది చివరికి. "నడుం తగ్గినప్పుడల్లా కుట్టు విప్పి, ఇంకాస్త లోపలికి జరిపి కుట్టుకున్నాడు."

"ఎప్పుడు?"

"ఈ మొదటి పట్టు బెజ్జాల్లో చూడు, నల్లదారం పోగులున్నాయి. స్కూలు యూనిఫారాల ఆర్డరప్పుడు ఆ దారం వాడాం. అంటే ఐదు నెలలు. జబ్బు బయటపడకముందే." ఆవిడ వేలు పక్కకు జరిగింది. "ఇది ముదురు నీలం. బ్యాంకువాళ్ళ కోట్లు కుట్టినప్పటిది. ఇప్పుడున్న ఈ కుట్టు దారం... ఈ రీలు పోయిన సోమవారమే విప్పాం."

కాజాల పని తెచ్చుకోవడానికి ఆవిడ రోజూ సాయంత్రం గంటసేపు బజారుకు వెళుతుంది. ఆ గంటలోనే ఆయన తన ఒంటిని తనే కుదించుకుంటూ వచ్చాడు. కట్టుకున్న భార్యకూ తెలియలేదు, కన్నకూతురికీ తెలియలేదు. పనిమంతుడి చేతిపని అంటే అలాగే ఉంటుంది మరి.

"నీ తప్పు లేదు వదినా," అన్నాడు బాబాయి.

తల్లి ఆ మాట పట్టించుకోలేదు. ఆవిడ కళ్ళు ఇంకా ఆ కుట్టు మీదే ఉన్నాయి. ఉన్నట్టుండి మొహంలోకి కాస్త నెత్తురు వచ్చింది.

"గుడ్డ కొయ్యలేదు చూశారా?" అంది. "ఇంత పట్టినా ఒక్క దారప్పోగు కొయ్యలేదు. అంతా లోపలే మడిచి ఉంచాడు."

అది మాస్టారి పట్టుదల. పాంటు ఎంత టైటు చేసినా లోపలి మార్జిన్ గుడ్డను కత్తిరించడు. కత్తిరించే టైలర్లను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తాడు, కోసిన గుడ్డ మాత్రం మళ్ళీ రాదు అని ఆయన అనే మాట వినని గిరాకీ ఈ వీధిలో లేడు. కుట్టు విప్పితే చాలు, ఎప్పటి మనిషి అప్పటి పాంటులో పట్టాలి.

"అంటే మళ్ళీ ఒళ్ళు చేస్తాననే ఆయనకు ఉంది," అంది తల్లి. "లేకపోతే ఎందుకు ఉంచుతాడు?"

కూతురు తల్లి చేతిలోని పాంటు వైపు, తల్లి మొహం వైపు మార్చి మార్చి చూసింది. ఆమెకు కోపం పోయి ఏడుపు వచ్చింది. కోపమే నయం.

లోపలిగది తలుపు తెరుచుకుంది.

మాస్టారు గోడ పట్టుకుని వచ్చి తన కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా కూర్చున్న కుర్చీ. పొద్దున ఆ అంకె విన్నాక ఇప్పుడు చూస్తే అందరికీ కనపడుతోంది, కుర్చీలో ఆయనకు రెండువైపులా ఎంత చోటు మిగిలిందో.

"టేపు ఒకటే గుర్తుపెట్టుకున్నాను," అన్నాడు. "వాళ్ళ దగ్గర తూకం ఉంటుందన్న సంగతి మర్చిపోయాను."

ఎవరూ నవ్వలేదు.

"ఎందుకు దాచావు నాన్నా?"

"నీ దగ్గరేం దాచలేదమ్మా. మీ అమ్మ దగ్గర దాచాను. నేను ఒక ముద్ద తగ్గిస్తే ఆవిడ రెండు తగ్గిస్తుంది. నా పాంటు వదులైతే ఆవిడ జాకెట్టు రెండింతలు వదులవుతుంది. ఇద్దరికీ కుట్టే ఓపిక నాకు లేదు."

"నా మీద పెట్టకండి," అంది తల్లి. గొంతు పెద్దది చేయలేదు. "ఈ ఒక్కటీ నా మీద పెట్టకండి. నన్ను అడిగారా? నేను తట్టుకోలేనని మీకు మీరే కొలతలు తీసేసుకున్నారు. ఆ కాయితం మీద సంతకం నాది. మీ చేతిపని నమ్మి పెట్టిన సంతకం."

మాస్టారు తలొంచుకున్నాడు. మిషను చక్రం మీద చెయ్యి వేశాడు గాని తిప్పలేదు.

బల్ల మీద గడియారం మూడుంపావు చూపిస్తోంది. బాబాయి టీ పెట్టుకొచ్చాడు. నాలుగు గ్లాసులూ ఆ బల్ల మీదే చల్లారాయి. గుడ్డలివ్వడానికి ఒకాయన గుమ్మందాకా వచ్చి, లోపలి మొహాలు చూసి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. తల్లి ఆ చొక్కాకు మిగిలిన నాలుగు కాజాలూ కుట్టేసింది. కూతురు ఫోను తెరిచి చూస్తుంది, మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఓ గదిలో నలుగురు ముప్పావుగంట కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటేగాని తెలియదు.

నాలుగు దాటి ఐదు నిమిషాలకు ఫోను మోగింది. కూతురు స్పీకరు పెట్టి బల్ల మధ్యలో ఉంచింది.

"ఆయన పక్కనే ఉన్నారా?" అంది డాక్టరమ్మ.

"ఉన్నానమ్మా, చెప్పండి," అన్నాడు మాస్టారు.

కాసేపు కాయితాలు తిప్పిన చప్పుడు.

"రెండు గడ్డలు ఏడయ్యాయండీ. కాలేయం బయట, పొట్ట లోపలి పొర మీద కూడా కొన్ని కనపడుతున్నాయి. మా మిషను చూపించిన చోటే పనిచేస్తుంది, ఒక్కొక్కదాన్నీ గురిపెట్టి పగలగొట్టాలి. ఇన్నింటిని పగలగొట్టలేం. మనం అనుకున్న వైద్యం ఇక కుదరదు."

తల్లి చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"నెల కిందట అయితే?" అంది కూతురు.



"అది అడగకమ్మా. నాకు తెలీదు. తెలిసినా చెప్పను," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. అందరూ జాగ్రత్తగా వినండి. సోమవారం ఆ పెద్దగడ్డ ఒక్కదాన్ని గుజ్జు చేయొచ్చు. పక్కటెముకల కింద ఆ బరువు, ఆ నొప్పి కొంత తగ్గవచ్చు. తగ్గకపోనూ వచ్చు. రోజులు పెరుగుతాయని మాత్రం చెప్పను. ఇంత బరువు తగ్గిన మనిషికి మత్తు ఇవ్వడమంటే అదీ భయమే. వద్దంటే తప్పేం లేదు, నొప్పికి మందులు రాసిస్తాను. వస్తానంటే ఐదులోపు చెప్పండి. ఆ తర్వాత సోమవారం చోటు ఇంకొకరికి ఇవ్వాలి, వాళ్ళూ ఎదురు చూస్తున్నారు."

డాక్టరమ్మ ఫోను పెట్టేసింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అనడం అందరికీ అలవాటే. ఆ రెంటి మధ్యా నిలబడడానికి ఇంట్లోవాళ్ళకు యాభై నిమిషాలు ఇచ్చారు.

"వద్దు," అన్నాడు బాబాయి. "ఆవిడే చెప్పింది కదా రోజులు పెరగవని. మత్తులో ఏమన్నా అయితే? ఉన్నన్నాళ్ళు ఇంట్లో ప్రశాంతంగా ఉండనివ్వండి."

"ప్రశాంతంగా ఎక్కడున్నాడు బాబాయ్? నొప్పితో రెండు గంటలు కూడా నిద్రపోవడం లేదు. తగ్గవచ్చు అంటోంది కదా."

"తగ్గకపోవచ్చు అని కూడా అంది. అది నీకు వినపడలేదా?"

"వినపడింది! నాకు అన్నీ వినపడ్డాయి! ఏం చేయకుండా కూర్చోమంటావా? నెల కిందట చూడాల్సింది చూడలేదు. ఇప్పుడు ఇది కూడా వదిలేస్తే నేను రేపటినుంచి ఏ మొహం పెట్టుకుని..."

"అమ్మాయ్, ఇది నీ కోసమా, మీ నాన్న కోసమా?"

అది అనకూడని మాట. అన్నాక బాబాయికే తెలిసింది. కూతురు గోడవైపు తిరిగి నిలబడింది, భుజాలు కదులుతున్నాయి. బాబాయి లేచి ఆమె వెనక్కి వెళ్ళి, ఏం చేయాలో తెలియక, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పు," అంది కూతురు, గోడవైపు నుంచే.

తల్లి భర్త వైపు చూసింది. "నేను చెప్పను. ఒకసారి ఆయన బదులు కాయితం నింపాను, చాలు. ఆయన్నే చెప్పమను."

మాస్టారు కూతురు వీపు చూశాడు. నాలుగేళ్ళ వయసులో ఆ వీపు మీద కొలత టేపు వేసి మొదటి గౌను కుట్టాడు. గడియారం చూశాడు. నాలుగున్నర దాటింది.

"వస్తానని చెప్పమ్మా," అన్నాడు.

కూతురు గిరుక్కున తిరిగింది. "నిజంగానా నాన్నా?"

"నిజంగానే. ఎటూ కత్తెర లేదు, ఇస్త్రీ లేదు. ఆ శబ్దమేదో వాళ్ళు వినిపిస్తే పోయేదేముంది?"

"వినపడదు నాన్నా అది," అంది కూతురు. ఏడుస్తూనే నవ్వింది.

బాబాయి గట్టిగా ఊపిరి వదిలాడు. ఈసారి అడ్డం పడలేదు. "సోమవారం డ్యూటీ మార్పించుకుంటాను," అన్నాడు.

కూతురు ఫోను తీసి నంబరు నొక్కింది. ఈసారి స్పీకరు పెట్టలేదు, చెవికి ఆనించుకుని కిటికీ దగ్గర నిలబడింది. "ఆఁ, వస్తామండీ... సోమవారం పొద్దున ఏడింటికి... ఏమీ తినకుండా, సరే... వదులు బట్టలా? సరేనండీ." ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి తల్లికి చెప్పింది. "వదులు బట్టలు వేసుకుని రమ్మంటున్నారమ్మా."

ఆ మాటతో తల్లికి చేతికి పని దొరికింది. సోమవారానికని ఆయన తీసిపెట్టుకున్న గోధుమరంగు పాంటు లోపలిగది తలుపు వెనక ఇస్త్రీ మడతతో వేలాడుతోంది. దాన్ని తెచ్చింది. కుట్టు విప్పే చిన్న ముల్లు తీసుకుంది. మూడు పట్లు విప్పితే అదే వదులవుతుంది, పది నిమిషాల పని. గుడ్డ లోపలే ఉంటుంది కదా.

"ఆ పాంటు వద్దోయ్," అన్నాడు మాస్టారు. "ఇంకోటి చూడు."

అప్పటికే ఆవిడ తిరగేసింది.

వెనకకుట్టు లోపల గుడ్డ లేదు. కుట్టును ఆనుకుని నిలువునా కత్తిరించి ఉంది. అంచు పోగులు ఊడకుండా నీటుగా చుట్టుకుట్టు కూడా వేసి ఉంది. విప్పడానికి ఏమీ లేదు. ఈ పాంటు ఇక ఈ కొలతే, ఇంతకన్నా పెద్ద మనిషికి పట్టదు.

ఆవిడ బొటనవేలు ఆ అంచు మీద పైనుంచి కిందికి వెళ్ళింది. మళ్ళీ కిందినుంచి పైకి వచ్చింది. తర్వాత తలెత్తి ఆయన్ను చూసింది. ఆయన ఆవిడ చేతినే చూస్తున్నాడు.

"ఎప్పుడు?" అంది. పెదవులే కదిలాయి.

"నిన్న."

నిన్న. తూకానికి ముందు, స్కానుకు ముందు, ఫోనుకు ముందు.

"ఏంటమ్మా?" అంది కూతురు ఫోను పక్కకు జరిపి.

"ఏం లేదు. నువ్వు మాట్లాడు."

"ఆఁ, చెప్పండి... అమ్మ, బాబాయి, నేను ముగ్గురం వస్తాం. అవునండీ, నాన్నే సరేనన్నారు. తనే అన్నారు..."

తల్లి పాంటును భుజం మీద వేసుకుని కత్తిరింపు బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుంది. చిత్తుగుడ్డల సంచి బయటికి లాగి నేల మీద బోర్లించింది. నీలం ముక్కలు, తెల్ల ముక్కలు, గళ్ళ ముక్కలు కుప్పగా పడ్డాయి. రెండు చేతులతో కెలకసాగింది.

"అందులో లేదోయ్," అన్నాడు మాస్టారు మెల్లగా. "పొద్దున చెత్తబండిలో వేశాను."

ఆవిడ విననట్టే ఒక్కొక్క ముక్కా తీసి వెలుతురుకు పట్టి చూస్తూ పోయింది.